మోటారు సైకిలు ఇంజనులో వాల్వు క్లియరెన్సు, స్ప్రింగు ఎత్తు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో వాల్వు (కవాటం) పూర్తిగా మూసుకొని ఉన్నప్పుడు, దానిని తెరిచే యంత్రాంగంలో మిగిలి ఉండే స్వల్పమైన ఖాళీని వాల్వు క్లియరెన్సు అంటారు. మెకానిక్కుల వాడుకలో ఇది టాపెట్ గ్యాప్. దీనిని సరిచేయడాన్ని టాపెట్ సెట్టింగు అని అంటారు. వాల్వు మూసుకొని ఉన్న స్థితిలో వాల్వు స్ప్రింగు ఆక్రమించే పొడవును స్ప్రింగు అమరిక ఎత్తు అంటారు. పాత మోటారు సైకిలు ఇంజనును పూర్తిగా విప్పి తిరిగి నిర్మించేటప్పుడు ఈ రెండు కొలతలనూ తప్పనిసరిగా చూడాలి. పైకి ఇవి వేర్వేరు కొలతలుగా కనిపించినా, రెండూ వాల్వు తన సీటులో ఎంత లోతున కూర్చున్నదనే ఒకే విషయంపై ఆధారపడి ఉంటాయి. అందువలన సీటును తాకే ఏ పని చేసినా రెండూ ఒకేసారి మారతాయి.

ఉత్పత్తి నిలిచిపోయిన వాహనాల విషయంలో ఈ కొలతలకు ప్రాముఖ్యం మరీ ఎక్కువ. వాల్వు కాలిపోయినా, విరిగి సిలిండరులో పడినా, దానితో పాటు పిస్టను, సిలిండరు హెడ్ కూడా పాడవుతాయి. కొత్త హెడ్ దొరకని ఇంజనుకు ఇది కోలుకోలేని నష్టం.

వాల్వు యంత్రాంగం

పాత మోటారు సైకిళ్ళలో ఎక్కువగా కనిపించేది పుష్‌రాడ్ పద్ధతి. ఇందులో క్యామ్ ఇంజను అడుగు భాగంలో ఉంటుంది. క్యామ్ మీది ఎత్తు టాపెట్‌ను పైకి నెడుతుంది. టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకరు ఒక కొనను పైకి నెడతాయి. రాకరు రెండవ కొన క్రిందికి వచ్చి వాల్వు కాడను నొక్కుతుంది. దానితో వాల్వు తెరుచుకుంటుంది. క్యామ్ ఎత్తు దాటిపోగానే స్ప్రింగు వాల్వును వెనక్కు లాగి సీటు మీద కూర్చోబెడుతుంది. అంటే తెరవడం క్యామ్ పని, మూయడం స్ప్రింగు పని.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రతి వాల్వూ నిమిషానికి 2,000 సార్లు, అనగా సెకనుకు సుమారు 33 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. ప్రతిసారీ అది పూర్తిగా మూసుకోవడానికి క్లియరెన్సు, వేగంగా మూసుకోవడానికి స్ప్రింగు బలం అవసరం.

క్లియరెన్సు అవసరం

లోహాలు వేడికి వ్యాకోచిస్తాయి. ఉక్కు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో పది లక్షలలో సుమారు 11 నుండి 12 వంతులు పెరుగుతుంది. అల్యూమినియం దాదాపు అందుకు రెట్టింపు పెరుగుతుంది. 100 మి.మీ. పొడవున్న ఉక్కు వాల్వు సగటున 300 డిగ్రీలు వేడెక్కితే దాని పొడవు సుమారు 0.35 మి.మీ. పెరుగుతుంది. అదే సమయంలో సిలిండరు, హెడ్ కూడా వ్యాకోచించి రాకరును పైకి మోస్తాయి. పుష్‌రాడ్లు కూడా కొంత పెరుగుతాయి. ఈ పెరుగుదలలు ఒకదానినొకటి కొంతవరకు రద్దు చేసుకోగా మిగిలే తేడా ప్రతి ఇంజనులోనూ వేరుగా ఉంటుంది. ఆ తేడాకు చోటివ్వడానికే చల్లని ఇంజనులో కొంత ఖాళీ వదులుతారు.

ఎగ్జాస్ట్ వాల్వు మండిన వాయువుల మధ్య పనిచేస్తుంది. దాని తల సాధారణంగా 650 నుండి 800 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఇన్లెట్ వాల్వును లోపలికి వచ్చే చల్లని ఇంధన మిశ్రమం చల్లబరుస్తుంది. అందువలన చాలా ఇంజనులలో ఎగ్జాస్ట్ వాల్వుకు ఎక్కువ ఖాళీ, ఇన్లెట్ వాల్వుకు తక్కువ ఖాళీ నిర్ణయించబడి ఉంటుంది.

ఖాళీ తక్కువైతే

ఖాళీ చాలకపోతే ఇంజను వేడెక్కినప్పుడు వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తల మీది వేడిలో సుమారు మూడు వంతులు (నాలుగింట) సీటు ద్వారానే హెడ్‌లోకి పోతుంది. సీటును తాకని వాల్వుకు ఆ మార్గం మూసుకుపోతుంది. పైగా సన్నని సందు గుండా మండుతున్న వాయువులు దూసుకుపోయి వాల్వు అంచును కోసివేస్తాయి. దీనినే వాల్వు కాలిపోవడం అంటారు. కంప్రెషన్ తగ్గుతుంది, కిక్ కొట్టినా ఇంజను సులభంగా స్టార్టు కాదు, శక్తి పడిపోతుంది.

ఖాళీ ఎక్కువైతే

ఖాళీ ఎక్కువైతే రాకరు వాల్వు కాడను మెల్లగా తాకకుండా కొట్టినట్లు తాకుతుంది. టకటకమని శబ్దం వస్తుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకొని ముందుగా మూసుకుంటుంది. తెరుచుకునే ఎత్తు కూడా తగ్గుతుంది. కొంతకాలానికి రాకరు కొన, వాల్వు కాడ కొన, క్యామ్ అరిగిపోతాయి.

ఎక్కువ ఖాళీ శబ్దంతో తనను తాను తెలియజేస్తుంది. తక్కువ ఖాళీకి శబ్దం ఉండదు, వాల్వు కాలిపోయే వరకు తెలియకపోవచ్చు. అందువలన టాపెట్ శబ్దం పూర్తిగా పోవాలని నిర్ణీత కొలత కంటే బిగించడం పాత ఇంజనులకు హానికరం.

స్ప్రింగు అమరిక ఎత్తు

స్ప్రింగు క్రింది కొన హెడ్ మీద ఆనుకునే చోటు నుండి, పై కొనను పట్టి ఉంచే రిటైనరు అడుగు వరకు, వాల్వు మూసి ఉన్నప్పుడు ఉండే దూరమే స్ప్రింగు అమరిక ఎత్తు. స్ప్రింగు విషయంలో నాలుగు పొడవులను గుర్తించాలి.

• స్వేచ్ఛా పొడవు: బయట విడిగా ఉన్నప్పుడు ఉండే పొడవు.
• అమరిక ఎత్తు: వాల్వు మూసి ఉన్నప్పుడు ఉండే పొడవు.
• తెరిచిన ఎత్తు: వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఉండే పొడవు. అమరిక ఎత్తు నుండి వాల్వు లేచే దూరాన్ని తీసివేస్తే ఇది వస్తుంది.
• ఘన ఎత్తు: చుట్లన్నీ ఒకదానికొకటి తగిలి స్ప్రింగు ఇక నొక్కుకోలేని స్థితిలో ఉండే పొడవు.

స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత బలంగా తిరిగి నెడుతుంది. ఉదాహరణకు ఒక స్ప్రింగు స్వేచ్ఛా పొడవు 50 మి.మీ., దానిని ఒక మి.మీ. నొక్కడానికి కావలసిన బలం 3 కిలోలు అనుకుందాం. అమరిక ఎత్తు 40 మి.మీ. అయితే స్ప్రింగు 10 మి.మీ. నొక్కుకొని ఉంటుంది. కనుక వాల్వును 30 కిలోల బలంతో సీటుకు అదిమి ఉంచుతుంది. వాల్వు 8 మి.మీ. తెరుచుకున్నప్పుడు ఈ బలం 54 కిలోలకు చేరుతుంది. అమరిక ఎత్తు ఒక మి.మీ. పెరిగి 41 అయితే మూసి ఉన్నప్పటి బలం 27 కిలోలకు, అనగా పదింట ఒక వంతు తగ్గుతుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే కాని ఏ ఒక్క ఇంజనుకూ చెందినవి కావు.

బలం చాలకపోతే అధిక వేగంలో వాల్వు క్యామ్‌ను అనుసరించలేక గాలిలో తేలుతుంది. సీటు మీద పడి ఎగురుతుంది. కొన్ని ఇంజనులలో పిస్టనుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. బలం అవసరానికి మించితే క్యామ్, టాపెట్లు, రాకర్లు త్వరగా అరుగుతాయి. ఇంకా నొక్కుకోవడానికి చోటు లేనంతగా స్ప్రింగు ఘన ఎత్తుకు చేరితే వాల్వు యంత్రాంగం మొత్తం బిగుసుకొని పుష్‌రాడ్ వంగుతుంది, లేదా రిటైనరు తెగి వాల్వు సిలిండరులోకి జారిపోతుంది. అందువలన వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కూడా స్ప్రింగులో సుమారు 1.5 మి.మీ. నొక్కుకునే అవకాశం మిగిలి ఉండేలా చూడడం సాధారణ ఆచారం. రిటైనరు అడుగుకు, వాల్వు గైడు పై అంచుకు మధ్య కూడా ఇంచుమించు అంతే దూరం మిగలాలి.

రెండు కొలతల మధ్య సంబంధం

ఇంజను పునర్నిర్మాణంలో వాల్వు సీటును కట్టర్‌తో కోసి కొత్త ముఖం తీయడం మామూలు. సీటు కోసిన కొద్దీ వాల్వు హెడ్‌లోకి లోతుగా కూర్చుంటుంది. అప్పుడు దాని కాడ రెండవ వైపున, రాకరు ఉన్న వైపుకు, అంతే దూరం ముందుకు వస్తుంది. దీని వలన రెండు మార్పులు జరుగుతాయి.

1. రిటైనరు కాడతో పాటు పైకి లేస్తుంది. కనుక స్ప్రింగు అమరిక ఎత్తు పెరిగి బలం తగ్గుతుంది.
2. కాడ కొన రాకరుకు దగ్గరవుతుంది. కనుక వాల్వు క్లియరెన్సు తగ్గుతుంది.

వాల్వు 0.5 మి.మీ. లోతుకు దిగిందనుకుందాం. స్ప్రింగు ఎత్తు 0.5 మి.మీ. పెరుగుతుంది. మునుపు 0.10 మి.మీ. ఖాళీ ఉన్న చోట ఇప్పుడు ఖాళీ లేకపోగా, అడ్జస్టరును కదపకుండా ఇంజనును బిగిస్తే రాకరు ఆ వాల్వును 0.4 మి.మీ. మేర ఎప్పుడూ తెరిచే ఉంచుతుంది. స్ప్రింగు క్రింద 0.5 మి.మీ. మందమున్న షిమ్ వేస్తే స్ప్రింగు పాత బలం తిరిగి వస్తుంది. కాని షిమ్ వలన క్లియరెన్సు మారదు. దానిని అడ్జస్టరు ద్వారా వేరుగా సరిచేయాలి. ఒక కొలతను మాత్రమే చూసి రెండవదానిని వదిలివేయరాదని చెప్పడానికి కారణం ఇదే.

ఇంజను నడుస్తున్నప్పుడు కూడా ఇటువంటి మార్పు నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. పాత ఇంజనులు కొన్నింటిలో సీటును నేరుగా పోత ఇనుప హెడ్‌లోనే మలిచేవారు. పెట్రోలులో కలిపిన సీసం మండి సీటు మీద పల్చని పొరగా నిలిచి దానిని అరుగుదల నుండి కాపాడేది. భారతదేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. గట్టి లోహపు సీట్లు లేని ఇంజనులలో సీసం లేని పెట్రోలు వాడితే, ముఖ్యంగా అధిక వేగంతో ఎక్కువసేపు నడిపినప్పుడు, ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు లోతుకు దిగుతుంది. క్లియరెన్సు ప్రతిసారీ తగ్గుతూ కనిపించడం దీనికి మొదటి సూచన. ఇటువంటి హెడ్‌లకు సీటు స్థానంలో గట్టి ఉక్కు వలయాన్ని బిగించడం శాశ్వత పరిష్కారం.

పని వరుస

ప్రతి దశా దాని ముందు దశ మీద ఆధారపడి ఉంటుంది కనుక పని ఈ క్రింది వరుసలో జరగాలి.

1. వాల్వు గైడ్లను పరీక్షించి, అరిగితే మార్చాలి. సీటును కోసే పనిముట్టు గైడులోనే నిలబడుతుంది కనుక గైడు మార్చకుండా సీటు కోస్తే కేంద్రం తప్పుతుంది.
2. సీటును కోయాలి. చాలా మోటారు సైకిళ్ళలో సీటు కోణం 45 డిగ్రీలు. సీటు వెడల్పును, వాల్వు ముఖం మీద అది తాకే చోటును సరిచేయడానికి 30, 60 డిగ్రీల కట్టర్లను వాడతారు.
3. గ్రైండింగ్ పేస్టుతో వాల్వును సీటు మీద రుద్ది, ముఖం చుట్టూ తెగని బూడిద రంగు వలయం వచ్చే వరకు చూడాలి. తరువాత పేస్టును పూర్తిగా కడిగివేయాలి. మిగిలిన పేస్టు గైడును అరగదీస్తుంది.
4. స్ప్రింగు అమరిక ఎత్తును కొలిచి, అవసరమైన షిమ్‌లు వేయాలి.
5. వాల్వులను, స్ప్రింగులను బిగించి, పోర్టులో కిరోసిన్ పోసి కారుతుందేమో చూడాలి.
6. హెడ్‌ను నిర్ణీత బిగువుతో బిగించాలి.
7. అన్నిటికంటే చివర వాల్వు క్లియరెన్సు సరిచేయాలి.
8. ఇంజనును వేడెక్కే వరకు నడిపి, పూర్తిగా చల్లారిన తరువాత హెడ్ బిగువును, క్లియరెన్సును మరల చూడాలి. కొత్త గాస్కెట్ కుదించుకుపోవడం వలన హెడ్ స్వల్పంగా క్రిందికి దిగి ఖాళీ మారుతుంది.

స్ప్రింగు ఎత్తును కొలవడం

ముందుగా స్ప్రింగు మంచిదో కాదో తేల్చుకోవాలి. స్వేచ్ఛా పొడవును వెర్నియరుతో కొలిచి తయారీదారు ఇచ్చిన కొలతతో పోల్చాలి. పాత స్ప్రింగును, కొత్త స్ప్రింగును ఒకదాని కొన ఒకదానికి తగిలేలా వరుసగా బెంచి వైసులో పెట్టి బిగించడం మరొక తేలికైన పరీక్ష. బలం తగ్గిన స్ప్రింగు రెండవదాని కంటే ఎక్కువగా నొక్కుకుంటుంది. వంగిన, తుప్పు గుంటలు పడిన స్ప్రింగులను వాడరాదు. తుప్పు గుంట దగ్గరే స్ప్రింగు విరుగుతుంది. షిమ్ వేసి బలహీనమైన స్ప్రింగును నిలబెట్టడం సరైన పద్ధతి కాదు. షిమ్ ఎత్తును సరిచేయడానికే కాని అలసిన ఉక్కును బాగుచేయడానికి కాదు.

ఎత్తు కొలవడానికి స్ప్రింగు లేకుండా వాల్వును గైడులో పెట్టి, అడుగు వాషరు, రిటైనరు, కాటర్లు అమర్చాలి. రిటైనరును చేతితో పైకి లాగి పట్టుకొని, వాషరు నుండి రిటైనరు అడుగు వరకు ఉన్న దూరాన్ని వెర్నియరుతో గాని, కొలతకు కత్తిరించిన గట్టి తీగతో గాని చూడాలి. ప్రతి వాల్వుకూ విడిగా కొలిచి రాసుకోవాలి. నిర్ణీత ఎత్తు కంటే ఎంత ఎక్కువ ఉంటే అంత మందమున్న షిమ్ వేయాలి. అంగుళాల పద్ధతిలో 0.015, 0.030, 0.060 అంగుళాల మందాలలో షిమ్‌లు సాధారణంగా దొరుకుతాయి.

చాలా ఇంజనులలో ప్రతి వాల్వుకూ ఒకదానిలో ఒకటిగా రెండు స్ప్రింగులు ఉంటాయి. వాటి చుట్లు ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా వ్యతిరేక దిశలలో చుట్టబడి ఉంటాయి. రెండింటి ఘన ఎత్తునూ విడివిడిగా లెక్క చూడాలి. స్ప్రింగులో ఒక వైపు చుట్లు దగ్గరగా ఉంటే ఆ వైపును హెడ్ మీద ఉంచాలి. స్ప్రింగులను నొక్కేటప్పుడు, విడిచేటప్పుడు కాటర్లు ఎగిరిపడే ప్రమాదం ఉంది కనుక కళ్ళద్దాలు ధరించాలి.

క్లియరెన్సును సరిచేయడం

క్లియరెన్సును నిర్ణీత మందాలున్న పల్చని ఉక్కు రేకుల సమితితో కొలుస్తారు. దీని పేరు ఫీలర్ గేజి. పాత బ్రిటిష్ వాహనాల కొలతలు అంగుళంలో వెయ్యో వంతులలో ఉంటాయి. మెకానిక్కులు ఈ వెయ్యో వంతును థౌ అంటారు. ఒక థౌ 0.0254 మి.మీ.కు సమానం.

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రంతా ఆపి ఉంచి ఉదయం చేయడం మంచిది. స్పార్కు ప్లగ్ తీసివేసి ఇంజనును చేతితో మెల్లగా తిప్పుతూ, కంప్రెషన్ స్ట్రోకు చివర పిస్టను పైకి వచ్చిన స్థితిలో నిలపాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి, రెండు టాపెట్లూ క్యామ్ గుండ్రని భాగం మీద ఉంటాయి. ఇన్లెట్ వాల్వు తెరుచుకొని మూసుకున్న తరువాత పిస్టను పైకి వచ్చేది కంప్రెషన్ స్ట్రోకు. పిస్టను పైన ఉన్నా రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచి ఉన్నట్లయితే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు ముగింపు. ఇంజనును మరొక పూర్తి చుట్టు తిప్పాలి.

నిర్ణీత మందం ఉన్న రేకు రాకరుకు, వాల్వు కాడకు మధ్య స్వల్పమైన పట్టుతో జారాలి. తరువాతి మందపు రేకు దూరరాదు. లాక్‌నట్ బిగించేటప్పుడు అడ్జస్టరు కొద్దిగా తిరుగుతుంది కనుక బిగించిన తరువాత మరొకసారి కొలవాలి.

అడ్జస్టరు మరల లెక్కతో కూడా ఖాళీని అంచనా వేయవచ్చు. పాత బ్రిటిష్ మోటారు సైకిళ్ళలో అంగుళానికి 26 మరలున్న సైకిల్ థ్రెడ్ వాడుక ఎక్కువ. అటువంటి అడ్జస్టరు ఒక పూర్తి చుట్టుకు 0.038 అంగుళం, పావు చుట్టుకు సుమారు 0.010 అంగుళం కదులుతుంది. రాకరు కొన గుంట పడినప్పుడు ఈ లెక్క ఉపయోగపడుతుంది. చదునైన రేకు గుంటకు అడ్డంగా వంతెన వలె నిలుస్తుంది కనుక అసలు ఖాళీ గేజి చూపిన దానికంటే ఎక్కువగా ఉంటుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350

ఈ పద్ధతికి భారతదేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ పాత బుల్లెట్. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రూపొందించిన ఈ మోటారు సైకిలును, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఏర్పాటు చేసిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసు (నేటి చెన్నై)లో తయారు చేయసాగింది. ఇందులోని 346 సి.సి. ఇంజను సిలిండరు వ్యాసం 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. సిలిండరు పోత ఇనుముతో, హెడ్ అల్యూమినియం మిశ్రలోహంతో చేయబడ్డాయి. అందుకే తెలుగునాట మెకానిక్కులు దీనిని కాస్ట్ ఐరన్ బుల్లెట్ అని పిలుస్తారు.

ఈ ఇంజనులో అడ్జస్టరు రాకరు దగ్గర ఉండదు. పుష్‌రాడ్ల అడుగున ఉంటుంది. సిలిండరు కుడి వైపు అడుగు భాగంలో ఉన్న టాపెట్ మూత తీస్తే రెండు పుష్‌రాడ్ల క్రింది కొనలు కనిపిస్తాయి. వీటికి ఫీలర్ గేజి అవసరం లేదు. చల్లని ఇంజనులో ఖాళీ సున్న, లేదా వీలైనంత తక్కువ ఉండాలని కంపెనీ నిర్దేశించింది. దీనిని వేళ్ళతోనే పరీక్షిస్తారు. పుష్‌రాడ్‌ను వేళ్ళతో పట్టుకొని తిప్పితే సులభంగా తిరగాలి, పైకి క్రిందికి మాత్రం ఆడరాదు.

సున్న ఖాళీతో వాల్వు కాలిపోకపోవడానికి కారణం ఇంజను నిర్మాణంలోనే ఉంది. ఇంజను వేడెక్కినప్పుడు సిలిండరు, హెడ్ కలిసి పొడవు పెరిగి రాకర్లను పైకి మోస్తాయి. వాటి అంతగా వేడెక్కని పుష్‌రాడ్ల వద్ద ఖాళీ ఏర్పడుతుంది. వాల్వు కాడ పొడవు పెరగడానికి ఆ ఖాళీ చోటిస్తుంది. కనుక వేడి ఇంజనులో పుష్‌రాడ్ ఆడుతున్నదని బిగించరాదు. అలా బిగిస్తే ఇంజను చల్లారిన తరువాత వాల్వు సీటు మీద కూర్చోదు, మరునాడు ఉదయం స్టార్టు కావడం కష్టమవుతుంది.

సరిచేయడానికి క్రింది షట్కోణాన్ని ఒక స్పానరుతో కదలకుండా పట్టుకొని, మధ్యనున్న లాక్‌నట్‌ను మరొక స్పానరుతో వదులు చేయాలి. తరువాత పై షట్కోణాన్ని తిప్పి పుష్‌రాడ్ పొడవును పెంచాలి లేదా తగ్గించాలి. లాక్‌నట్ బిగించి, పుష్‌రాడ్‌ను మరల తిప్పి చూడాలి. అది బిగుసుకొని ఉంటే పని మొదటి నుండి చేయాలి. ఇంజను విప్పినప్పుడు రెండు పుష్‌రాడ్లకూ గుర్తులు పెట్టుకొని, ఏది ఏ చోటు నుండి తీశారో తిరిగి అక్కడే అమర్చాలి.

2008 తరువాత ఈ పోత ఇనుప ఇంజను స్థానంలో వచ్చిన యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజనులో ఖాళీని చమురు ఒత్తిడితో తనంతట తానే సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్లను వాడారు. పాత ఇంజను కొలతలు దానికి వర్తించవు.

ఇతర వాహనాల కొలతలు

చల్లని ఇంజనులో, కంపెనీ అమర్చిన క్యామ్‌లతో ఉండవలసిన క్లియరెన్సులు కొన్ని ఈ క్రింద ఇవ్వబడినవి.

• ట్రయంఫ్ బోనవిల్ టి120 (650 సి.సి.): ఇన్లెట్ 0.002 అంగుళం (0.05 మి.మీ.), ఎగ్జాస్ట్ 0.004 అంగుళం (0.10 మి.మీ.)
• నార్టన్ కమాండో: ఇన్లెట్ 0.006 అంగుళం (0.15 మి.మీ.), ఎగ్జాస్ట్ 0.008 అంగుళం (0.20 మి.మీ.)
• బి.ఎస్.ఎ. ఎ65 (650 సి.సి.): ఇన్లెట్ 0.008 అంగుళం (0.20 మి.మీ.), ఎగ్జాస్ట్ 0.010 అంగుళం (0.25 మి.మీ.)
• హోండా సి.బి.750 (1969): ఇన్లెట్ 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ 0.08 మి.మీ.

ఒకే పరిమాణం, ఒకే తరహా నిర్మాణం ఉన్న ట్రయంఫ్, బి.ఎస్.ఎ. ఇంజనుల కొలతలు కూడా ఇంతగా తేడాగా ఉండడం గమనించదగినది. ఒక ఇంజను కొలతను మరొకదానికి వాడరాదు. వేరే క్యామ్ అమర్చినట్లయితే ఆ క్యామ్ తయారీదారు ఇచ్చిన కొలతనే పాటించాలి.

బోనవిల్ వంటి జంట సిలిండర్ల ట్రయంఫ్ ఇంజనులలో రెండు పిస్టన్లూ కలిసి పైకి లేచి కలిసి దిగుతాయి, కాని మార్చి మార్చి పేలతాయి. అందువలన ఒక సిలిండరు ఇన్లెట్ వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు రెండవ సిలిండరు ఇన్లెట్ టాపెట్ క్యామ్ గుండ్రని భాగం మధ్యలో ఉంటుంది. అప్పుడు ఈ రెండవదానిని సరిచేయాలి. ఎగ్జాస్ట్ వాల్వులకూ ఇదే పద్ధతి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

• సీటు కోసిన తరువాత స్ప్రింగు ఎత్తు కొలవకుండానే హెడ్ బిగించడం.
• అన్ని వాల్వులకూ ఒకే మందమున్న షిమ్ వేయడం. ప్రతి సీటునూ కోసే లోతు వేరుగా ఉంటుంది.
• అధిక బలం కోసం అవసరానికి మించి షిమ్‌లు వేసి స్ప్రింగును ఘన ఎత్తుకు దగ్గర చేయడం.
• వాల్వు బాగా లోతుకు దిగినప్పుడు కాడ కొనను ఎక్కువగా అరగదీయడం. కొన మీది గట్టిపరచిన పొర పోతే మిగిలిన మెత్తని లోహం త్వరగా గుంట పడుతుంది. ఇటువంటప్పుడు సీటును మార్చడమే సరైనది.
• పిస్టను ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర ఉండగా క్లియరెన్సు సరిచేయడం.
• మొదటి ప్రయాణం తరువాత మరల పరీక్షించకపోవడం.

ఇతర విధానాలు

చుట్టల స్ప్రింగులు తరచు విరిగే కాలంలో పందెపు మోటారు సైకిళ్ళలో హెయిర్‌పిన్ ఆకారపు స్ప్రింగుల వాడుక పెరిగింది. నార్టన్ మాంక్స్, వెలోసెట్ కె.టి.టి. వాహనాలు వీటికి ప్రసిద్ధి. ఇటలీకి చెందిన డుకాటి సంస్థలో ఫాబియో టాలియోని రూపొందించిన డెస్మోడ్రోమిక్ పద్ధతిలో వాల్వును మూసే పని కూడా క్యామే చేస్తుంది. ఈ పద్ధతితో తయారైన 125 సి.సి. పందెపు వాహనం 1956లో స్వీడిష్ గ్రాండ్ ప్రి పోటీలో గెలుపొందింది. ఇందులో ప్రతి వాల్వుకూ తెరిచే ఖాళీ, మూసే ఖాళీ అని రెండు కొలతలను సరిచేయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

• అంతర్దహన యంత్రం
• నాలుగు స్ట్రోకుల ఇంజను
• క్యామ్‌షాఫ్టు
• రాయల్ ఎన్‌ఫీల్డ్
• ఉష్ణ వ్యాకోచం